ఆ ఇంట్లో మగ్గం లేదు, కిటికీ ఉంది

మా అమ్మ జూన్‌లో వేటపాలెం నుంచి వచ్చింది. లండన్ చూపించడం మొదటి వారంలోనే అయిపోయింది. రాజుగారి ఇల్లు, పెద్ద గడియారం, నది మీద వంతెన చూసి ఇంక చాలంది. ఒకరోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఇంతకీ మీ దేశంలో గుడ్డ ఎక్కడ నేస్తారే?" అని అడిగింది. మేముండే రెడింగ్ చుట్టుపక్కల నేతవాళ్ళెవరూ లేరు. ఒకప్పుడు నేసిన ఊరైతే చూపిస్తానని చెప్పి, యార్క్‌షైర్ కొండల్లో హెప్టన్‌స్టాల్ అనే పల్లెలో 'నేతవారి ఇల్లు' అని ప్రకటించిన ఒక పాత రాతి ఇంటిని రెండు రాత్రులకి తీసుకున్నాను. 236 పౌండ్లు. ఈ రివ్యూ ఆ ఇంటి గురించే. పేరు మాత్రం రాయను. నేను చెప్పబోయే ఫిర్యాదులు అంత పెద్దవి కావు, పైగా ఆ ఊళ్ళో అలాంటి ఇళ్ళు ఇంకా అద్దెకి దొరుకుతాయి. తీసుకునే ముందు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు.

మా అమ్మ గురించి ఒక్క మాట చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మా తాత చీరాల పక్క రుమాళ్ళు నేసేవాడు, ఆఫ్రికాకి పోయే గళ్ళ రుమాళ్ళు. అమ్మ ఎనిమిదో ఏట నుంచి కండెలు చుట్టింది. పెళ్ళయ్యాక మగ్గం కూడా ఎక్కింది. ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా ముందు కర్టెన్ అంచు పట్టుకుని వెనక్కి తిప్పి చూస్తుంది.

ముందు దారి సంగతి. లండన్ నుంచి లీడ్స్‌కి ఒక రైలు, అక్కణ్ణుంచి కొండ కింద ఉన్న హెబ్డెన్ బ్రిడ్జ్ అనే ఊరికి ఇంకో రైలు. స్టేషన్లో దిగి టాక్సీ ఎక్కాం. హెప్టన్‌స్టాల్ దారి కుడిచేతి వైపు కొండెక్కుతుందని ఫోన్‌లో కనపడుతోంది. డ్రైవరు ఆ మలుపు దాటించి నేరుగా పోనిచ్చాడు. అమ్మ నా మోచెయ్యి గిల్లి, "తిప్పుతున్నాడే వీడు, మీటరు చూడు" అంది. నేనూ అదే అనుకున్నాను. కాసేపటికి ఒక గుండ్రటి జాగాలో బండి వెనక్కి తిప్పి, వచ్చిన దారినే వచ్చి, అప్పుడెక్కాడు కొండ. తరవాత తెలిసింది, తప్పు మాదేనని. ఆ మలుపు ఎంత ముడుచుకుని ఉంటుందంటే, హెబ్డెన్ బ్రిడ్జ్ వైపు నుంచి వచ్చే బండి ఒక్క పట్టున తిరగలేదు. అందుకని బళ్ళు వెనక్కి తిప్పుకోవడానికే ఆ జాగా కట్టారు. సొంత కారులో వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. టాక్సీలో వెళ్ళేవాళ్ళు డ్రైవరుని అనుమానించకండి.

ఊరు 250 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. కార్లు పైకి రావు అన్నంత ఇరుకు వీధులు, కిందంతా చదరపు రాళ్ళు. చక్రాల సూట్‌కేసు ఆ రాళ్ళ మీద లాగుతుంటే చప్పుడికి మాకే సిగ్గేసింది. ఇళ్ళన్నీ ఒకే రాయి, ఒకే నలుపు. నిప్పంటుకుని ఆరిన ఊరేమో అనుకుంది అమ్మ. అసలు రంగు లేత గోధుమేనట. కింద లోయలో నూరేళ్ళకి పైగా మిల్లుల గొట్టాలు వదిలిన పొగ అలా పట్టేసింది.

ఇంట్లో అడుగుపెట్టగానే కింద గది. రాతి నేల, లోతైన పొయ్యిగూడు, చిన్న వంటగది. ఫోటోల్లో కనపడినంతలో సగం ఉంటుంది. నిచ్చెనకి అన్నయ్య లాంటి మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఇది ముందే అడగాలి, ప్రకటనలో ఎక్కడా రాయలేదు. అమ్మ కూర్చుని ఒక్కో మెట్టూ ఎక్కింది, దిగేటప్పుడు వెనక్కి తిరిగి దిగింది. హీటరు ఇంటివాళ్ళ చేతిలో ఉంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు, అంతే. జూన్ కదా అనుకున్నారేమో. కొండ మీద గాలికి జూనూ లేదు, మాఘమూ లేదు. అమ్మ రెండు రోజులూ నా స్వెట్టరు మీద తన శాలువా కప్పుకునే తిరిగింది.

మెట్ల మలుపులో గోడకి ఒక పెద్ద చెక్క చక్రం తగిలించారు. కింద ఇత్తడి చీటీ మీద, ఈ ఇంట్లో గుడ్డ నేసిన యంత్రం అని అర్థం వచ్చేలా రాశారు. అమ్మ ఇంగ్లీషు చదవలేదు, నేను చెప్పాను. ఆవిడ చక్రం వంక చూసి, నా వంక చూసి, "ఇది రాట్నమే. నిలబడి తిప్పే పెద్ద రాట్నం. దీని మీద నూలు వడుకుతారు గానీ గుడ్డ నేస్తారా ఎక్కడైనా?" అంది. అంత డబ్బిచ్చి తీసుకున్న 'నేతవారి ఇల్లు'లో మగ్గం అన్నది లేదు. మగ్గానికుండే పలక గానీ, పోగు పట్టుకుని అటూ ఇటూ పోయే నాడె గానీ లేవు. నాకు చిరాకేసింది.

పైగదిలోకి వెళ్ళాక ఆ చిరాకు పోయింది.

గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా కిటికీయే. ఒక్క పెద్ద కిటికీ కాదు. మధ్యమధ్య సన్నటి రాతి కమ్మీలు పెట్టి, ఒకదాని పక్కన ఒకటి ఆరు కిటికీలు పేర్చినట్టుంటుంది. దక్షిణం వైపు లోయంతా కనపడుతుంది. అందరూ చూసేది లోయనే, మంచాన్ని కూడా దానికి ఎదురుగా వేశారు. అమ్మ లోయని చూడలేదు. గది మధ్యలో నిలబడి, రెండు చేతులూ మగ్గం ముందు కూర్చున్నట్టు పెట్టి, ఒకసారి కిటికీకి ఎదురుగా, ఒకసారి పక్కకి తిరిగింది. "ఎదురు వెలుతురులో కూర్చుంటే కళ్ళు చెదురుతాయి. పక్కనుంచి పడితేనే తెగిన పోగు కనపడుద్ది. మగ్గం ఇలా వేసుంటారు" అని నేల మీద కాలితో గీత గీసింది. ఆ గీత మీద ఇప్పుడు బట్టల బీరువా ఉంది.

ఆ ఊళ్ళో చాలా పాత ఇళ్ళకి పైఅంతస్తులో ఇవే వరుస కిటికీలు. కిందగది కిటికీలు చిన్నవి, పైవి పెద్దవి. వీధిలో నడుస్తూ తలెత్తి చూస్తే చాలు, ఏ ఇంట్లో నేశారో తెలిసిపోతుంది. దీపం నూనెకి డబ్బు, సూర్యుడికి డబ్బు లేదు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆ గదిలో లైటు వెయ్యకుండా అమ్మ విష్ణు సహస్రనామం పుస్తకం చూసి చదువుకుంది. డిసెంబర్లో నాలుగు కొట్టకముందే చీకటి పడుతుందని చెబితే, "అయితే చలికాలం పస్తులే" అంది.

ఆవిడకి అర్థం కాని విషయం ఇంకొకటి. అంత బరువు మగ్గం పైకెందుకు ఎక్కించారు? మా వైపు మగ్గం గుంటలో ఉంటుంది. నేల తవ్వి, కాళ్ళు గుంటలో పెట్టి, తొక్కుడు చెక్కలు తొక్కుతూ నేస్తారు. నేల చెమ్మకి పత్తి నూలు మెత్తగా ఉండి తెగదు. వానాకాలం గుంటలోకి నీళ్ళొస్తే మాత్రం పని బంద్, పొయ్యి కూడా బంద్. ఇక్కడివాళ్ళు నేసింది ఉన్ని, కెర్సీ అనే ముతక రకం. చెమ్మ కోసం గుంట తవ్వుకోవాల్సిన పని లేదు, ఊరిని మేఘమే ముంచి పెడుతుంది. వాళ్ళకి కరువు వెలుతురికి, అందుకే మగ్గం మేడెక్కింది. మా వాళ్ళకి కరువు చెమ్మకి, అందుకే గుంటలోకి దిగింది. పడుకోబోయే ముందు అమ్మ ఈ లెక్క రెండుసార్లు నాకు అప్పజెప్పింది, నేనేదో మర్చిపోతానన్నట్టు.

మర్నాడు శనివారం. అమ్మ శనివారాలు బయట తినదు. బియ్యం, కందిపప్పు, ఆవకాయ సీసా తెచ్చుకున్నాం. కుక్కరు లేదు, మామూలు గిన్నెలోనే పప్పు పడేసి స్నానానికి వెళ్ళొచ్చేసరికి పప్పు వెన్నలా ఉడికిపోయి ఉంది. రెడింగ్‌లో మా ఇంట్లో నాలుగు కూతలు రావాలి, అయినా పలుకు మిగులుతుంది. సబ్బు కూడా ఒక్కసారి రుద్దితే నురగే నురగ. కెటిల్ అడుగున తెల్లటి సున్నపు పొర లేదు. "నీళ్ళు మంచివే ఇక్కడ" అంది అమ్మ. అసలు ఆ పల్లెల్లో ఉన్ని పని పుట్టడానికి ఒక కారణం ఆ నీళ్ళే. మా రెడింగ్ కింద సుద్దరాయి, నీళ్ళలో సున్నం కలుస్తుంది. ఈ కొండలు ఇసుకరాయి, వాగునీళ్ళు మెత్తన. ఉన్ని జిడ్డు కడగడానికీ రంగు పట్టించడానికీ సున్నం లేని నీళ్ళు కావాలి. అన్నట్టు, జిడ్డు వదలడానికి పులిసిన మూత్రం కూడా వాడేవాళ్ళు, ఇంటింటా కుండల్లో దాచి మరీ. ఇది భోజనం అయ్యాకే చెప్పాను.

ఇక్కడే ఇంకో సలహా. కొండ మీద సామాను దొరుకుతుందిలే అనుకుని వెళ్ళకండి. కూరలూ పాలూ హెబ్డెన్ బ్రిడ్జ్‌లోనే కొనుక్కుని ఎక్కండి. పైన రెండు పాత పబ్బులున్నాయి. నేనొక్కదాన్నే వెళ్ళి ఒకదాంట్లో టీ తాగాను, బాగానే ఉంది, చెప్పుకోవాల్సిందేమీ లేదు.

మధ్యాహ్నం ఊరంతా తిరిగాం. ఊరంతా అంటే అరగంట. కానీ మాకు మూడు గంటలు పట్టింది. నడివీధిలో ఒక పాత బట్టల సంత భవనం ఉంది, ఇప్పుడది ఇళ్ళుగా మారిపోయింది. 1545కీ 1558కీ మధ్య కట్టింది. చుట్టుపక్కల కొండల మీద నేసినవాళ్ళు తానులు మోసుకొచ్చి అక్కడ అమ్ముకునేవాళ్ళు. ఆ రోజుల్లోనే, 1555లో, దగ్గర్లోని హాలిఫాక్స్ పట్టణం చుట్టుపక్కల నేతవాళ్ళ కోసం పార్లమెంటు ఒక చట్టం చేసింది. ఉన్ని కొని మళ్ళీ అమ్మే దళారులు ఉండకూడదన్న రూలు వల్ల చిన్నవాళ్ళు మాడిపోతున్నారని, అక్కడ చిల్లరగా ఉన్ని అమ్ముకోనిచ్చారు. ఆ చట్టంలో కారణం రాశారు చూడండి, అది చదివే నేను ఈ ఊరు ఎంచుకున్నాను. అక్కడి నేల గొడ్డు నేల. అక్కడి పేదలకి గుర్రం కొనే స్తోమత లేదు. సంతకి నడిచి వెళ్ళి చేతిలో ఉన్నంతకి కాస్త ఉన్ని కొని, నెత్తిన పెట్టుకుని, వీపున వేసుకుని మూడు నాలుగు మైళ్ళు, ఐదారు మైళ్ళు మోసుకెళ్ళి, నేసి అమ్మి, ఆ డబ్బుతో మళ్ళీ ఉన్ని కొంటారు. అమ్మకి ఇది తెలుగులో చెబితే, "మరి అప్పు ఎవరిచ్చేవాళ్ళు?" అంది. చీరాలలో నూలు షావుకారు ఇస్తాడు, నేసిన గుడ్డ ఆయనకే పోతుంది. నూలు ఎవరి చేతిలో ఉంటే నేత వాళ్ళ చేతిలో ఉంటుందని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

తరవాత ఆ వ్యాపారమంతా హాలిఫాక్స్‌కి దిగిపోయింది. 1779లో అక్కడ 300కు పైగా గదులతో పెద్ద తానుల మండపం కట్టారు, అది ఇప్పటికీ ఉంది. వీలుంటే తిరుగు దారిలో దిగి చూడండి. హాలిఫాక్స్‌కి ఒక చెడ్డపేరు కూడా ఉంది. పదమూడున్నర పెన్నీల విలువైన సొత్తు దొంగిలిస్తే తల నరికే యంత్రం ఒకటి 1650 దాకా అక్కడ పనిచేసింది. ఉతికి తడిపిన ఉన్ని గుడ్డని బయట చట్రాలకి మేకులతో లాగి కట్టి ఆరబెట్టేవాళ్ళు. రాత్రిళ్ళు అది ఎవరైనా ఊడబెరుక్కుపోతే ఇంటిల్లిపాదీ పని పోయినట్టే కదా. అమ్మ ఒప్పుకోలేదు. "మన వీధిలో పొద్దంతా పడుగు, నిలువు పోగులు, పరిచి గంజి పెడితే కుక్క కూడా తొక్కదు. గుడ్డ కోసం తలకాయ తీస్తారా!"

ఒక చర్చి ఆవరణలో రెండు చర్చిలున్నాయి. పాతది పదమూడో శతాబ్దంలో మొదలైంది, 1847 గాలివానకి దెబ్బతింది. దాన్ని అలాగే వదిలేసి పక్కనే కొత్తది కట్టారు, 1854కి పూర్తయింది. పైకప్పు లేని పాత చర్చిలో గోడల మధ్య ఆకాశం, నేలంతా సమాధి పలకలు. వాటి మీద నడవకుండా అడుగు వెయ్యడం కుదరదు. అమ్మ చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచింది, ఎంత చెప్పినా వినలేదు. ఆ పలకల్లో ఒకటి డేవిడ్ హార్ట్‌లీది. 'కింగ్ డేవిడ్' అనేవాళ్ళట. బంగారు నాణేల అంచులు కత్తిరించి, ఆ పొడి కరిగించి దొంగ నాణేలు పోసే ముఠాకి నాయకుడు. పట్టుకోవడానికి వచ్చిన సుంకాల అధికారిని 1769లో ముఠావాళ్ళు హాలిఫాక్స్‌లో చంపారు. హార్ట్‌లీని 1770 ఏప్రిల్‌లో యార్క్‌లో ఉరి తీశారు. ఆయన పలక మీద ఇప్పటికీ జనం చిల్లర నాణేలు పెట్టి పోతారు. నేను పెట్టబోతే అమ్మ చెయ్యి పట్టుకుని, "దొంగకి దక్షిణేంటే?" అంది.

రోడ్డుకి ఆవల కొత్త శ్మశానంలో అమెరికా కవయిత్రి సిల్వియా ప్లాత్ సమాధి. 1963లో పోయింది, ముప్ఫై ఏళ్ళకి. భర్త టెడ్ హ్యూస్ ఈ లోయవాడే. సమాధి మట్టిలో పెన్నులు గుచ్చి ఉన్నాయి, డజన్ల కొద్దీ. రాతి మీద, మంటల మధ్యన కూడా బంగారు తామర నాటవచ్చని అర్థం వచ్చే వాక్యం ఉంది. అది భగవద్గీతలోదని చాలామంది చెబుతారు. గీత రోజూ చదివే మనిషి పక్కనే ఉంది కదా అని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తల అడ్డంగా ఊపింది. ఆవిడ చెప్పిందే నిజం, అది ఒక పాత చైనా కథలోది. ఆవిడకి పిల్లలెంతమంది, వాళ్ళేమయ్యారు అని అమ్మ అడిగిన ప్రశ్నలకి చెబుతూ వెనక్కొచ్చేశాం. ఎనిమిది మూలల మెథడిస్టు చర్చి ఒకటుంది, 1764లోది. బయటి నుంచే చూశాం, కాళ్ళు అయిపోయాయి.

ఆదివారం పొద్దున అమ్మని కిటికీ దగ్గర కూర్చోబెట్టి నేనొక్కదాన్నే 'బట్రెస్' అనే పాత గుర్రాల దారిలో కిందకి దిగాను. రాళ్ళు పరిచిన నిటారు దారి. మూటలు మోసే గుర్రాలు ఒకదాని వెనక ఒకటి ఇక్కడే దిగి, అడుగున ఐదు వందల ఏళ్ళ నాటి రాతి వంతెన మీదుగా వాగు దాటేవి. లోయ అడుగు అప్పుడు చిత్తడి, అందుకే ఊళ్ళు కొండ మీద. నీటి మిల్లులొచ్చి, 1804లో కాలువ పూర్తయి, 1841కి రైలొచ్చాక డబ్బు కిందకి దిగింది, హెబ్డెన్ బ్రిడ్జ్ పెరిగింది. హెప్టన్‌స్టాల్ పైనే ఉండిపోయింది. కొత్తగా ఏదీ కట్టుకునే అవసరం రాలేదు గనకే ఆ కిటికీలు మిగిలాయి. వాన పడ్డాక ఆ దారిలో దిగకండి, నేను రెండుసార్లు జారాను.

కింద చౌరస్తాలో నిలువెత్తు కత్తి బొమ్మ ఒకటి ఉంది. హెబ్డెన్ బ్రిడ్జ్ కార్డురాయ్ లాంటి ముతక పత్తి గుడ్డలకి పేరు. నేసిన గుడ్డ మీద పోగుల వరసల్ని పొడుగాటి సన్న కత్తితో కోసుకుంటూ పోతే నూగు లేస్తుంది. ఫోటో తీసి చూపిస్తే అమ్మ ముఖం ముడుచుకుంది. నేసినవాడు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది అంది. అక్కడికి కాస్త దూరంలో, అడవి లోయలో గిబ్సన్ మిల్లు అని 1800 ప్రాంతంలో కట్టిన నీటి మిల్లు ఉంది. 1833లో అందులో 21 మంది వారానికి సగటున 72 గంటలు పని చేశారట. ఈ లెక్క అమ్మకి చెప్పలేదు. చెబితే, తనూ అంతేనని అంటుంది. అది నిజం కూడా.

ఇక లెక్కలోకి వద్దాం. శుభ్రతకి వంక లేదు. పక్కలు బాగున్నాయి. మెట్లు పెద్దవాళ్ళకి కుదరవు, ఆ మాట ముందే చెప్పకపోవడం తప్పు. హీటరు మన చేతికివ్వాలి. ఫోటోలు ఇంటిని రెండింతలు చేసి చూపించాయి. అయిదుకి మూడున్నర ఇద్దామనుకున్నాను, ఆ పైగది కోసం నాలుగు ఇస్తున్నాను. మీరు ఆ ఊళ్ళో ఏ ఇల్లు తీసుకున్నా రెండే అడగండి. పైగదికి వరుస కిటికీ ఉందా, అది దక్షిణం వైపేనా. 'నేతవారి ఇల్లు' అన్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు.

తాళాలు అప్పగించేటప్పుడు ఇంటావిడతో చక్రం సంగతి చెప్పాను. అది నేసేది కాదు, వడికేది, మా అమ్మ చెబుతోంది అని. నలుగురైదుగురు ఆడవాళ్ళూ పిల్లలూ వడికితే గానీ ఒక మగ్గానికి నూలు చాలదనీ, నేసినవాడి పేరుతో ఇల్లు నిలిచింది గానీ వడికినవాళ్ళ పేరు చీటీ మీద కూడా లేదనీ అమ్మ అంటే, నేను ఇంగ్లీషులో కొంచెం మెత్తగా చేసి చెప్పాను. ఆవిడ నవ్వి, అమ్మ రెండు చేతులూ పట్టుకుని, చీటీ మార్పిస్తానంది. ఆగస్టులో అటు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, ఇల్లు ఏదో చెబుతాను. మెట్ల మలుపులో చూసి, మార్చిందో లేదో చెప్పండి. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది.